దసరా మర్నాడు వచ్చే కొత్త ఊరు

ఈ 2023 దసరా 23నా, 24నా అన్న పంచాయితీ మీ ఇళ్లలో కూడా నడిచే ఉంటుంది. మా వాడకట్టులో అయితే సద్దుల బతుకమ్మ ఆదివారమే అని తేలేదాకా గునుగు పువ్వు ఎప్పుడు తెచ్చుకోవాలో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి సర్కారు సెలవు 23కి మార్చింది, మాటలు ఆగాయి. నేను మాత్రం జూన్ నుంచే 24వ తేదీ చుట్టూ క్యాలెండర్ మీద సున్నా చుట్టి పెట్టుకున్నాను. పండగ కోసం కాదు. ఆ రోజు "సిటీస్: స్కైలైన్స్ 2" అనే వీడియో గేమ్ వస్తోంది.

నవ్వేవాళ్లు కాసేపు నవ్వుకోండి, తర్వాత చదవండి. నలభై మూడేళ్లు దాటిన ఇల్లాలు, సిద్దిపేటలో ఉంటూ, పొద్దున రొట్టెలు, సాయంత్రం ఫాల్స్ కుట్టడం, నడుమ అత్తమ్మ మందులు చూసుకునే మనిషి వీడియో గేమ్ కోసం ఎదురుచూడటమేంటని మా చెల్లెలే అడిగింది. దానికి చెప్పిన జవాబే మీకూ చెప్తాను.

లాక్‌డౌన్‌లో పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసుల కోసం లాప్‌టాప్ కొన్నాం. క్లాసులు ఎంత విన్నాడో తెలియదు కానీ, అందులో ఈ ఆట మొదటి భాగం కొనిపెట్టుకుని రోజూ ఊళ్లు కట్టేవాడు. 2021లో ఇంటర్ కోసం హైదరాబాద్ హాస్టల్‌కి పోతూ లాప్‌టాప్ ఇంట్లోనే వదిలాడు, హాస్టల్లో పెట్టుకోనివ్వరని. మధ్యాహ్నం అత్తమ్మ పడుకున్నాక ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. వాడు సగం కట్టి వదిలేసిన ఊరిని తెరిచి చూశాను. కరెంటు లేని ఇళ్ల మీద గుర్తులు మెరుస్తున్నాయి, చెత్త పేరుకుంది. ఇల్లు వదిలేసి వెళ్లిన పిల్లాడి గది సర్దినట్టే ఆ ఊరినీ సర్దడం మొదలుపెట్టాను. రెండేళ్లయింది. తర్వాత నేనే మొదటి నుంచి కట్టుకున్న ఊరికి పూలకట్ట అని పేరు పెట్టాను. ఇప్పుడు అరవై వేల జనాభా.

ఈ ఆటలో తుపాకులు లేవు, గెలవడం లేదు. ఖాళీ నేల, ఒక నది, కొంత డబ్బు ఇస్తారు. రోడ్డు వేయాలి. రోడ్డు పక్కన ఇక్కడ ఇళ్లు, ఇక్కడ దుకాణాలు, ఇక్కడ కార్ఖానాలు అని రంగు పూసి చూపిస్తే జనం వాళ్లంతట వాళ్లే వచ్చి కట్టుకుంటారు. ఇక మన పని నీళ్లు, కరెంటు, బడి, దవాఖానా, చెత్త, బస్సు. పన్ను ఎక్కువ వేస్తే జనం పోతారు, తక్కువ వేస్తే బడి నడవదు. నీళ్ల పంపు మురుగు కలిసే చోటికి దిగువన పెడితే ఊరంతా జబ్బు పడుతుంది. ఇందులో మనకు తెలియనిది ఏముంది చెప్పండి? నెల జీతంలో పాల లెక్క, ఫీజుల లెక్క, పెళ్లిళ్ల కట్నాల లెక్క సరిపెట్టేవాళ్లకి ఈ ఆట నేర్పాల్సిన పనే లేదు.

దీని వెనక కథ కూడా నాకు ఇష్టం. ఊరు కట్టే ఆటలకు పెద్దమ్మ లాంటిది సిమ్‌సిటీ, 1989లో వచ్చింది. చేసినాయన విల్ రైట్. అంతకు ముందు ఆయన హెలికాప్టర్‌తో బాంబులు వేసే ఆట ఒకటి తయారుచేస్తూ, బాంబులు వేయడం కంటే వాటి కింద ఉండే దీవులు గీయడమే బాగుందనుకున్నాడట. అక్కడ పుట్టింది సిమ్‌సిటీ. దాని పేరుతోనే 2013లో కొత్తది వస్తుందని అభిమానులు ఎంతో ఆశపడ్డారు. తీరా చూస్తే ఒంటరిగా ఆడుకోవాలన్నా ఇంటర్నెట్ ఉండాల్సిందే. విడుదల రోజుల్లో సర్వర్లు మొరాయించాయి, డబ్బు కట్టినవాళ్లు లోపలికే పోలేకపోయారు. ఊరు కట్టుకోవడానికి ఇచ్చిన జాగా కూడా ఇంత చిన్నది.

రెండేళ్ల తర్వాత, 2015 మార్చిలో, ఫిన్లాండ్‌లోని టాంపెరే అనే ఊరి నుంచి కొలోసల్ ఆర్డర్ అనే చిన్న సంస్థ సిటీస్: స్కైలైన్స్ తెచ్చింది. అప్పటికి వాళ్లు పదముగ్గురే. మన ఉమ్మడి కుటుంబాల్లో పండక్కి కూర్చునే పంక్తి అంత. సంస్థను నడిపేది మరీనా హల్లికైనెన్ అనే ఆమె. ఆ పదముగ్గురు చేసిన ఆట 2022 నాటికి కోటీ ఇరవై లక్షల ప్రతులు అమ్ముడైంది. పెద్ద సంస్థ చేయలేనిది చిన్న పంక్తి చేసిందంటే మనకు ముచ్చటే కదా.

ముచ్చట ఉంది కానీ దాని లోపాలు కూడా నాకు కంఠతా వచ్చు. ఆరు వరసల రోడ్డు వేసినా కార్లన్నీ ఒకే వరసలో పోతాయి. మిగతా ఐదు ఖాళీగా ఉన్నా అటు తిరగవు. ఇంకోటి మరీ విడ్డూరం. ఒకేసారి పెద్ద కాలనీ వేస్తే పడుచు జంటలన్నీ ఒకేసారి వచ్చి దిగుతాయి. వాళ్లందరికీ ఇంచుమించు ఒకే ఆయుష్షు. కొన్నేళ్లకు కాలనీ కాలనీ ఒక్కసారిగా చనిపోతుంది. శవాల బండ్లు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాయి, ఇళ్ల మీద పుర్రె గుర్తులు వెలుగుతాయి. ఒకరోజు అత్తమ్మ వెనక నుంచి చూసి, "అదేందే పిల్లా, పీనుగ లేచే దిక్కు లేదా నీ ఊర్ల? ఇరుగుపొరుగోళ్లు ఏం జేస్తున్నరు?" అంది. నిజమే, ఆ ఊళ్లో ఇరుగుపొరుగు అనేదే లేదు. పాడె మోయడానికి నలుగురు దొరకరు, మునిసిపాలిటీ బండి రావాల్సిందే.

అత్తమ్మ అన్న ఆ మాటతోనే నాకు ఇంకోటి తట్టింది. ఆటలో వయసుకొచ్చిన ప్రతివాళ్లూ రెండే రకాలు. పనిచేసేవాళ్లు, పని లేనివాళ్లు. నేను పూలకట్టలో ఉంటే నిరుద్యోగుల లెక్కలో ఉండేదాన్ని. ఊరి నీళ్లూ కరెంటూ చెత్తా చూసుకుంటున్న నేనే ఆ ఊళ్లో పని లేని మనిషిని.

ఇక కొత్తది. 2023 మార్చి 6న, హోళీ రోజుల్లో, రెండో భాగం వస్తోందని ప్రకటించారు. జూన్ నుంచి వారం వారం ఒక్కో విశేషం చెప్తూ వచ్చారు. సీరియల్ కోసం ఎదురుచూసినట్టు నేను సోమవారం కోసం ఎదురుచూశాను. పాతదాంట్లో కొనుక్కోగలిగే నేల తొమ్మిది గళ్లు. కొత్తదాంట్లో 441 గళ్లు. గళ్లు చిన్నవే కానీ మొత్తం చూస్తే చాలా పెద్దది. ఎండాకాలం, చలికాలం వస్తాయట. చలికి కరెంటు వాడకం పెరుగుతుందట. మిగిలిన కరెంటు పక్క ఊరికి అమ్ముకోవచ్చట. కార్లు వరస మారుతాయట, ప్రమాదాలు కూడా జరుగుతాయట.

అన్నిటికంటే నన్ను పట్టేసింది ఒకటుంది. కొత్త ఆటలో జనం దారి ఎంచుకునేటప్పుడు దూరం ఒక్కటే చూడరు. సమయం, సౌకర్యం, ఖర్చు కూడా లెక్క వేసుకుంటారు. కుర్రవాళ్లు డబ్బు మిగలాలనుకుంటారు, పనిచేసే వయసువాళ్లు టైమ్ చూసుకుంటారు, పెద్దవాళ్లు సుఖంగా పోవాలనుకుంటారు. ఇది చదివినప్పుడు ఒట్టి మాటలనుకున్నాను. కానీ 2023 అక్టోబరు 3న మన సిద్దిపేటకి రైలు వచ్చింది కదా, మా ఇంట్లోనే అది రుజువైంది.

ఆ రైలు సంగతి తెలిసిందే. మనోహరాబాద్ నుంచి సిద్దిపేట దాకా 76 కిలోమీటర్ల లైను. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని శంకుస్థాపన చేశారు, అదే ఏడాది అక్టోబరులో సిద్దిపేట జిల్లా అయింది. ఏడేళ్లకు రైలు కూత వినపడింది. అత్తమ్మ చిన్నప్పటి నుంచీ "మనూరికి రైలొస్తదట" అని వింటూనే ఉందట. ఇప్పుడు సికింద్రాబాద్ పోవాలంటే మా ఇంట్లో ముగ్గురిది మూడు లెక్క. మా ఆయన, "మూడు గంటలు ఎవడు కూసుంటడు, బస్సెక్కితే జల్ది పోత" అంటాడు. కొడుకు టికెట్టు తక్కువని రైలే అంటాడు. అత్తమ్మ కూడా రైలే అంటుంది, డబ్బు కోసం కాదు, లేచి కాళ్లు చాపుకోవచ్చని, బాత్రూం ఉంటుందని. ఫిన్లాండ్‌లో కూర్చుని మా ఇంట్లో తగువు ఎట్లా కనిపెట్టారో!

నా లెక్క మాత్రం ఆ మూడింట్లోనూ దొరకదు. నేను సికింద్రాబాద్ పోవాలంటే ముందు అత్తమ్మకి మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారో చూసుకోవాలి. నల్లా వచ్చే టైమ్ చూసుకోవాలి. బిడ్డ ట్యూషన్ నుంచి వచ్చేలోపు తిరిగి రావాలి. ఆ లెక్క కుదిరాకే బస్సా రైలా అన్నది. వారం వారం చెప్పిన విశేషాల్లో అట్లాంటి మనిషి నా కంటికి కనిపించలేదు. సైకిళ్లు కూడా ఉండవట, కనీసం మొదట్లో. పాతదాంట్లోనూ సైకిళ్లు తర్వాత విడిగా డబ్బులు పెట్టి కొనుక్కునే భాగంలోనే వచ్చాయి.

ఆశలు ఇట్లా ఉంటే, సెప్టెంబరు చివర నుంచి దిగులు మొదలైంది. ఆట ఆడాలంటే కంప్యూటర్ ఎట్లాంటిది ఉండాలో ముందు చెప్పిన దానికంటే పెంచేశారు. హాయిగా ఆడాలంటే ఆర్‌టీఎక్స్ 3080 కార్డు ఉండాలన్నారు. ఆ కార్డు పెట్టి మెషీన్ చేయించుకుంటే 2023 ధరల్లో లక్ష దాటేది. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్లలో ఆడేవాళ్లకి 2024కి వాయిదా వేశారు. అభిమానులు తయారుచేసి పంచుకునే మోడ్లు ఇంతకుముందు స్టీమ్‌లోనే దొరికేవి, ఇకమీదట కంపెనీ సొంత చోటే అంటున్నారు. పాత ఆటలో కార్ల వరసల గొడవ తీర్చింది ఎక్కడో ఉన్న అభిమానులు రాసి ఉచితంగా ఇచ్చిన మోడే. అందుకని చాలామందికి అది కడుపులో మంట. దానిమీద 2023 అక్టోబరులో వాళ్లే ఒక మాట చెప్పారు. ఆట వేగం విషయంలో అనుకున్న స్థాయికి చేరుకోలేకపోయామని, అయినా చెప్పిన రోజుకే విడుదల చేస్తామని.

ఇది చదివి చాలామంది కోపం తెచ్చుకున్నారు. నాకు సగం కోపం, సగం మర్యాద. పెళ్లి విందుకు పిలిచి, "పప్పు ఇంకా ఉడకలేదు, అయినా ఆకులు వేసేశాం, కూర్చోండి" అన్నట్టుంది. ఉడకలేదని ముందే చెప్పినందుకు మర్యాద. మరి ఆకులు ఎందుకు వేసినట్టు? 2013లో సిమ్‌సిటీ చేసినవాళ్లు ఇంత మాట కూడా ముందు చెప్పలేదు కదా అని ఒకరు, వాళ్ల దెబ్బ చూసే పుట్టిన ఆట అదే దారిన పోతోందని ఇంకొకరు. రెండూ నిజమే అనిపిస్తుంది.

నాకు ఇంకో అనుమానం ఉంది. అది వేగం గురించి కాదు.

ఆటలో బుల్‌డోజర్ గుర్తు ఒకటుంటుంది. రోడ్డు తిన్నగా పోవాలంటే అడ్డమొచ్చిన ఇంటి మీద నొక్కితే చాలు. చిన్న దుమ్ము లేచి నేల చదునైపోతుంది. ఏడుపు ఉండదు. మా మేనత్త వాళ్ల ఊరు కొన్నేళ్ల కిందట ఒక రిజర్వాయర్ కింద పోయింది. ఇప్పుడు కొత్త కాలనీలో ఉంటోంది. డాబా ఇల్లు, రోడ్డు, నల్లా, వీధి లైటు, ఆటలో అయితే అన్ని గుర్తులూ ఆకుపచ్చే. వచ్చేటప్పుడు పాత ఇంటి వాకిలి చెక్క, గడపతో సహా పీకించి ట్రాక్టర్‌లో తెచ్చుకుంది. కొత్త ఇంటి గోడకు అది పట్టలేదు. వెనక గోడకు ఆనించి పెట్టింది. ఇప్పటికీ శుక్రవారం ఆ గడపకు పసుపు రాస్తుంది. లోపలికి దారి లేని గడపకు.

ఆ నీళ్లతో పొలాలు పండుతున్నాయి, అది కూడా నా కళ్లతో చూశాను. యాసంగిలో ఎండిపోయే బావులు నిండాయి. మేనత్త కూడా కాదనదు. "నీళ్లు రావాలె బిడ్డా. గని నా వాకిలి ఎక్కడ వెట్టుకోవాలె?" అంటుంది. నేను పూలకట్టలో ఒక మూల పాత ఇళ్ల వరస ఒకటి కొట్టలేక రోడ్డునే వంచి వేశాను. అక్కడ రోజూ ట్రాఫిక్ ఆగుతుంది. మా వాడు దానికి అమ్మ వంపు అని పేరు పెట్టి, "తీసెయ్యమ్మా, రెండు సెకండ్ల పని" అంటాడు. రెండు సెకండ్ల పనే కాబట్టి తీయను. 441 గళ్ల నేల ఇచ్చినవాళ్లు, ఇల్లు పోయిన మనిషి ఎక్కడికి పోయిందో చూపిస్తారా అన్నదే నేను కొత్త ఆటని అడగాలనుకునే ప్రశ్న.

నిజం ఊళ్ల మీద కూడా నా ఆశలూ అనుమానాలూ ఇట్లాగే కలిసి ఉంటాయి. సిద్దిపేటకు కోడలిగా వచ్చినప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు. కోమటి చెరువు కట్ట మీద వేలాడే వంతెన, దీపాలు చూడటానికి పక్క జిల్లాల వాళ్లు వస్తున్నారు. తడి, పొడి, హానికర చెత్త వేరు చేయడం మా అత్తమ్మే నేర్చుకుంది, ఇప్పుడు బ్లేడు ముక్క తడి చెత్తలో కనిపిస్తే నన్నే తిడుతుంది. ఫంక్షన్లకు ప్లాస్టిక్ ప్లేట్లు కొనకుండా స్టీల్ బ్యాంక్ నుంచి పళ్లాలు, గ్లాసులు తెచ్చుకుంటున్నాం. ఇవన్నీ ఆటలో ఒక మీట నొక్కితే అయ్యేవి. ఇక్కడ ఒక్కో ఇంటి గడప తొక్కి, వద్దన్నా వినకుండా చెప్పి చెప్పి చేయించిన ఆడవాళ్ల వల్ల అయ్యాయి. రైలు వచ్చాక భూముల ధరలు ఎట్లా పోతాయో, మా బిడ్డ పెళ్లీడుకొచ్చేసరికి ఇక్కడ ఒక జాగా కొనగలమో లేదో తెలియదు. సంతోషం, భయం ఒకే రైల్లో వచ్చినట్టుంది.

ఇక ఇంటి గొడవ. ఫాల్స్, జాకెట్లు కుట్టిన డబ్బులతో లక్ష రూపాయల చీటీ కట్టాను. నవంబరులో ఎత్తుకోవాలి. ఆ డబ్బుకు ఇంట్లో అందరి దగ్గరా ఒక్కో ప్లాను ఉంది. మా ఆయనది సిమెంటు, ఇనుము దుకాణం. "ఊళ్లకు ఊళ్లు కడ్తవ్, నా తాన ఒక్క బస్తా సిమెంటు కొనవైతివి" అని ఎప్పుడూ ఎక్కిరిస్తాడు. చీటీ మాట రాగానే ఎక్కిరింపు మాని, "ముందుగదికి సోఫా కొందాం, చుట్టాలొస్తే కుర్చీలు సాలుతలేవు" అన్నాడు. కంప్యూటర్ కొనుక్కుంటానంటే నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. కానీ ఆయన రెండేళ్ల కిందట పెద్ద టీవీ క్రికెట్ కోసం కొన్నప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

కొడుక్కి ఫోన్ చేశాను. ఇప్పుడు బీటెక్ మొదటి సంవత్సరం. వాడి మొదటి మాట, "గంత ఖర్చు నీకెందుకమ్మా" అనే. ఆ తర్వాత వాడికే ఏమనిపించిందో, రాత్రి మళ్లీ చేశాడు. "కొనుక్కో అమ్మా, గని ఇప్పుడే కాదు. మొదటిరోజు కొన్నోళ్లంత కంపెనీకి ఫ్రీగా టెస్టింగ్ జేసిపెట్టేటోళ్లే. ఆర్నెల్లు ఆగు. ఆట బాగైతది, కార్డు ధర తగ్గుతది. నేనే దగ్గరుండి మెషీన్ పెట్టిస్త" అన్నాడు. పక్కనుంచి విన్న అత్తమ్మ, "ఆగితే ఏమైతది? రైలు కోసం నేను ఆగలేదా?" అంది. అరవై ఏళ్లు ఆగిన మనిషి ముందు ఆర్నెల్లకు ఏం వాదిస్తాం!

కాబట్టి 24న నేను కొనడం లేదు. అభిమానులు తిట్టుకునేవీ మెచ్చుకునేవీ చూస్తూ కూర్చుంటాను. కార్లు నిజంగా వరస మారుతున్నాయా, ముసలివాళ్లు నిజంగా సుఖమైన దారే పడుతున్నారా, కాలనీలు ఒక్కసారే చావడం తగ్గిందా అన్నవి ముందు తెలియాలి. ఆ పాటికి పాత లాప్‌టాప్‌లో పూలకట్ట ఎట్లాగూ ఉంది, ఫ్యాను ప్రెషర్ కుక్కర్‌లా అరిచినా నడుస్తోంది.

అయితే ఒక సంగతి మా ఆయనకు నిన్న చెప్పేశాను. కొనేది ఆర్నెల్లకైనా, ఏడాదికైనా, చీటీ డబ్బులు ఎత్తుకున్న రోజే నా పేరున బ్యాంకులో వేస్తాను. సోఫాకి ఇవ్వను. చుట్టాలొస్తే కింద చాప వేద్దాం, బతుకమ్మ పండగకి ఎట్లాగూ పూల మధ్య కిందే కూర్చుంటాం కదా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పొద్దున దుకాణానికి పోతూ మాత్రం, "ఆ కార్డు పేరేందన్నవ్?" అని అడిగాడు.